గుడి వెనక నిమ్మతొక్కలు

నాకు కోపం ఎక్కువని మావాళ్లందరూ అంటారు. ఎక్కువే. కాదని నేనెప్పుడన్నాను? కానీ ఊరికే వచ్చే కోపం కాదది. ఆ నిమ్మతొక్కల సంగతి తలుచుకుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా చెవులు వేడెక్కుతాయి. అప్పుడు ఎదురుగా ఎవరుంటే వాళ్లకి నాలుగు తగులుతాయి. మా ఆయనకి అలవాటైపోయింది. నా మొహం చూసి పేపరు పట్టుకుని వీధి అరుగు మీదకి వెళ్లిపోతారు.

అప్పట్లో మేం రాజమండ్రిలో ఒక మేడ కింద వాటాలో అద్దెకుండేవాళ్లం. పైన ఇంటివాళ్లు. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యారు. మా వీధిలో సగంమంది ఆడవాళ్లకి సైన్సు పాఠం చెప్పింది ఆవిడే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేనేమో కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, పెళ్లి చేసుకుని, బ్యాంకు గుమాస్తాగారికి క్యారేజీ సర్దుతున్నాను. "అంత చదువు చదివి ఇంట్లో కూర్చున్నావేమ్మా?" అని అడిగినవాళ్లే, ఏదైనా చేయబోతే "ఇప్పుడెందుకమ్మా నీకివన్నీ?" అనేవాళ్లు. ఏ ఎండకా గొడుగు పట్టడమంటే ఇదే.

మేం కొత్త టీవీ కొన్న వేసవిలో మొదలైందిది. టీవీ పెట్టెలో వచ్చిన తెల్లటి థర్మోకోల్ దిమ్మని పారెయ్యకుండా ఒళ్లో పెట్టుకుని కూరలు తరుక్కునేదాన్ని. ఒకరోజు దానిమీద పెట్టి బత్తాయి ఒలుస్తుంటే, తొక్కలోంచి చిమ్మిన తుంపర పడ్డచోటల్లా దిమ్మకి సన్నసన్నగా గుంటలు పడ్డాయి. తొక్క మడిచి మళ్లీ పిండాను. మళ్లీ గుంటలు. తొక్కలో నూనె ఉంటుందనీ, అది థర్మోకోల్‌ని కరిగిస్తుందనీ పుస్తకంలో చదివిందే. చదవడం వేరు, ఒళ్లో కరగడం వేరు. బత్తాయి అలాగే వదిలేసి మధ్యాహ్నమంతా ఆ దిమ్మతోనే కూర్చున్నాను. సాయంత్రం ఆయన వచ్చేసరికి కాఫీ లేదు.

కరిగిన ఆ బంక ఎండితే గట్టి ప్లాస్టిక్ అవుతుంది. అంటే పెళ్లి స్టేజీల మీద పేర్లు అంటించి, మర్నాడు కాలవలో పారేసే థర్మోకోల్ అంతా మళ్లీ పనికొస్తుంది. అక్కడితో ఆగదు. ఆ నూనెతో రంగులకి థిన్నరు చెయ్యొచ్చు, జిగురు చెయ్యొచ్చు, ఓపిగ్గా కష్టపడితే ఆ నూనెలోంచే ప్లాస్టిక్ తీయొచ్చు. కోనసీమ పొలాల్లో గ్యాసు కోసం, చమురు కోసం రిగ్గులు దింపుతున్న రోజులవి. భూమిలోంచి తోడేదానికి అంత హంగామా! ఏటేటా చెట్టుకి కాసి, జ్యూసు బండి పక్కన ఈగలు ముసిరి కుళ్లిపోయేదాన్ని చూసే నాథుడు లేడు.

కాకినాడలో ఒక కాలేజీలో నాకు పూర్వం పాఠం చెప్పిన మేష్టారుండేవారు. పెద్ద పేరున్న మనిషి. ఆయన దగ్గర పీహెచ్‌డీకి ఒక సీటు ఖాళీగా ఉందని తెలిసి, బస్సెక్కి వెళ్లి అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు.

"తొక్కల్లోంచి ప్లాస్టిక్కా? బావుందమ్మా. వంటింట్లో కూర్చుంటే ఇలాంటి ఆలోచనలే వస్తాయి. సరే, దసరా సెలవుల్లోగా ఒక సీసా నూనె, దాంతో చేసిన ప్లాస్టిక్ ముక్క ఒకటి పట్టుకురండి. చేతిలో పెడితే సీటు మీదే. లేకపోతే ఇంకో కుర్రాడున్నాడు, అతనికిచ్చేస్తాను."

ఆ 'వంటింట్లో' అన్న మాటకే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నోరు మూసుకుని నమస్కారం పెట్టి వచ్చాను. సీటు కావాలి కదా. పెళ్లయినప్పట్నుంచీ నాకంటూ కావాలనుకున్నది అదొక్కటే.

మా అమ్మ నాకు సారెలో ఇచ్చిన రాగి గంగాళం అటక మీద ఉండేది. దాన్ని దింపి, మూతకి బెజ్జం కొట్టించి, ఫ్రిజ్‌లు బాగుచేసే అతని దగ్గర సన్నటి రాగి గొట్టం కొని బిగించాను. అంచుల్లోంచి ఆవిరి పోకుండా మైదాపిండి ముద్ద మెత్తేదాన్ని. గంగాళంలో నీళ్లూ తొక్కలూ వేసి కింద మంట పెడితే, ఆవిరి ఆ గొట్టంలోంచి చన్నీళ్ల బకెట్టు గుండా వెళ్లి చల్లారి గిన్నెలోకి బొట్లుబొట్లుగా దిగేది. నీళ్లమీద నూనె పల్చటి తెట్టులా తేలేది. గంగాళం నిండా తొక్కలు ఉడికిస్తే చెంచాడు వస్తే గొప్ప. ఆ చెంచాడు చూస్తే నాకు కడుపు నిండిపోయేది.

వానలు పడ్డాక జ్యూసు బళ్లు మూతపడ్డాయి. బత్తాయి తొక్కలు ఆగిపోయాయి. అప్పుడు గుర్తొచ్చాయి అమ్మవారి గుడి వెనక తొక్కలు. మంగళవారం, శుక్రవారం ఆడవాళ్లు నిమ్మకాయ దీపాలు పెడతారు కదా. కాయని సగానికి కోసి, రసం పిండేసి, డిప్పని తిరగేసి అందులో నూనె పోసి వత్తి వేస్తారు. దీపం కొండెక్కాక ఆ డిప్పలు ఎవరికీ అక్కర్లేదు. గుడి వెనక గోడవారన కుప్పలు పడి ఉండేవి.

పూజారిగారిని అడిగాను. "తీసుకెళ్లండమ్మా తల్లీ! మున్సిపాలిటీ బండి ఇటు రాదు, దోమలతో చస్తున్నాం. పుణ్యం ఉంటుంది మీకు," అన్నారాయన. అమ్మవారి ఎదురుగా రోజూ నిలబడే మనిషికి లేని అభ్యంతరం ఎవరికుంటుందనుకున్నాను. నా వెర్రి!

మొదటి శుక్రవారం గోనెసంచితో ఇంటికొస్తుంటే టీచరుగారు మెట్ల మీద ఎదురయ్యారు. సంచిలోకి తొంగిచూసి రెండు మెట్లు పైకెక్కేశారు.

"ఏంటమ్మాయ్, దీపాల తొక్కలా అవి?"

"అవునండి. నూనె తీద్దామని."

"హవ్వ! ఎవరైనా ఇంటికి తెస్తారా అవి? ఒక్కొక్కళ్లూ ఒక్కో కష్టం చెప్పుకుని పెడతారమ్మా ఆ దీపం. అప్పులవాళ్లూ, రోగాలవాళ్లూ, కోర్టు కేసులవాళ్లూ. వాళ్ల పీడంతా ఆ తొక్కలోకే దిగుతుంది. ఊరి పీడంతా మూట కట్టుకొచ్చి మా ఇంట్లో ఉడకబెడతావా?"

నేను నవ్వేశాను. ఆవిడ వేళాకోళం ఆడుతున్నారనుకున్నాను. సైన్సు టీచరు కదండీ మరి! ఆవిడ నవ్వలేదు.

ఆ తర్వాత వీధిలో నన్ను చూసే చూపులు మారాయి. మొన్నటిదాకా గుమ్మంలోకొచ్చి పప్పులో ఉప్పు చాలిందా అని అడిగినవాళ్లు నేనొస్తుంటే పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్లు. శుక్రవారం తలంటుపోసుకుని, జుట్టు విరబోసుకుని పెరట్లో గంగాళం దగ్గర మంట ఎగదోస్తూ కూర్చునేదాన్ని. తడిజుట్టు ఆరబెట్టుకోవాలా వద్దా? జుట్టు విరబోసుకుని రాగిపాత్రలో నిమ్మకాయలు ఉడకబెడుతోందని పాలమ్మాయి వీధి వీధంతా చాటింది. వినేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి? గోరంతలు కొండంతలయ్యాయి.

మా ఆయనతో చెప్తే, "పోనీలే, పట్టించుకోకు," అన్నారు. ఆ 'పోనీలే' అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పోయేది ఆయనది కాదుగా!

శ్రావణమాసం చివర్లో టీచరుగారి మనవరాలికి జ్వరం వచ్చింది. బుల్లి గౌను వేసుకుని మా గుమ్మంలోకొచ్చి బెల్లంముక్క అడిగే పిల్ల. ముద్దుగా ఉండేది. వానాకాలం జ్వరాలు ఊరంతా ఉన్నాయి, మా ఆయన బ్యాంకులో సగం కుర్చీలు ఖాళీ. కానీ ఆ పిల్లకొచ్చిన జ్వరం మాత్రం నావల్ల వచ్చిందట. తర్వాత డాక్టరు రక్తపరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నాడు, మందులిచ్చాడు, తగ్గిపోయింది. ఆవిడ బాధ నాకు అర్థం కాలేదని కాదు. పిల్ల మూలుగుతుంటే ఏ మనిషికైనా మతి చలిస్తుంది. ముందు డాక్టరు దగ్గరికి పరుగెత్తకుండా నా వంటింట్లోకి పరుగెత్తారే, అదీ నా మంట.

ఆ రోజు నేను బజారుకెళ్లాను. ఇంటివాళ్ల దగ్గర మారుతాళం ఉండేది. ఆవిడ తలుపు తీసుకుని లోపలికొచ్చి, నా గూట్లో ఉన్న గాజుసీసాని తడిగుడ్డతో పట్టుకుని బయటికి తెచ్చారు. బత్తాయిల నాటి నుంచి బొట్టుబొట్టుగా కూడబెట్టిన నూనె మొత్తం ఆ సీసాలోనే ఉంది. వీధిలో పారబోస్తే ఎవరైనా దాటుతారని భయపడి, మేడమెట్ల కిందున్న తూము దగ్గర ఒంపేశారు.

ఆ మెట్లకిందే మా వీధివాళ్ల వినాయకచవితి మంటపం దాచిపెట్టారు. కుర్రాళ్లు థర్మోకోల్‌తో చేసి, బంగారు రంగు వేసిన మంటపం. స్తంభాలూ, గోపురం, చిలకలూ, అన్నీ చక్కగా చెక్కారు. ఆ మంటపం కాళ్లు సరిగ్గా ఆ తూము కాలవలోనే ఆని ఉన్నాయి.

నేను కూరల సంచితో గేటు తీసేసరికి ఆవిడ కేకలు. నూనె పాకుకుంటూ వెళ్లి స్తంభాల్ని తాకింది. తాకినచోట స్తంభం సన్నగా చిటపటలాడుతూ కుంగిపోతోంది. ఎవరూ ముట్టుకోలేదు, నిప్పు లేదు, పొగ లేదు. చూస్తుండగానే మంటపం ఒకపక్కకి ఒరిగి, గోపురం కూలి, చిలకలన్నీ ఆ బంకలో పడి కరగడం మొదలెట్టాయి. వీధంతా పోగయ్యింది.

"చూశారా! దేవుడి మంటపాన్నే మింగేసింది! ఇంకా ఏం సాక్ష్యం కావాలండీ?" అని ఆవిడ గుండెలు బాదుకున్నారు.

నాకు మొదట కనిపించింది మంటపం కాదు, ఖాళీ సీసా. కూరల సంచి ఎక్కడ పడేశానో తెలియదు. వంకాయలు కాలవలో దొర్లిపోయాయట, ఎవరో తర్వాత చెప్పారు.

"మీరేం చేశారో తెలుసా అండీ? మీరు సైన్సు చెప్పారండీ! దేంట్లో ఏది కరుగుతుందో పిల్లలచేత బెత్తం పుచ్చుకుని అప్పజెప్పించారు! నీళ్లలో ఉప్పు కరిగితే చేతబడా? ఇదీ అంతే! నేను రోజూ దీనికోసమే ఏడుస్తున్నాను!"

అప్పుడావిడ చాలా నెమ్మదిగా, నాకే పాఠం చెప్తున్నట్టు అన్నారు. "సైన్సు వేరమ్మా. ఇది వేరు."

చెంప ఛెళ్లుమనిపించినా అంత బాధ ఉండేది కాదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా అమ్మమ్మ అంటుండేది. మతి పోలేదు, చదువునే ఓ పక్కన పెట్టి తాళం వేసుకున్నారు, పరీక్షలప్పుడు తీసుకోడానికి. వీధిలో వాళ్లంతా తలలూపుతున్నారు. ఆ తలలూపినవాళ్లలో ఇద్దరు ఇంజనీర్లు. పేర్లు చెప్పమంటారా? వద్దులెండి, ఇప్పుడు మనవల్ని ఎత్తుకుని తిరుగుతున్నారు.

అందరూ వెళ్లిపోయాక నేను ఆ మెట్లకింద చతికిలబడి, అట్లకాడతో ఆ బంకంతా గీకి ఒక స్టీలు పళ్లెంలోకి ఎత్తాను. ఏడుస్తూ గీకాను, తిడుతూ గీకాను. పైన పల్చటి గుడ్డ కప్పి డాబామీద ఎండలో పెట్టాను. వాన వస్తే దింపడం, ఎండ రాగానే పెట్టడం. చాలారోజులు పట్టింది. ఆఖరికి బంకతనం పోయి గట్టిపడింది. చాకుమొనతో పళ్లెంనుంచి ఊడదీస్తే తేనెరంగులో, అద్దంలా వెలుతురు కనిపిస్తూ, అరచేతి వెడల్పున పలక వచ్చింది. లోపల అక్కడక్కడా మంటపం తాలూకు బంగారు రంగు నలుసులు. వేలితో కొడితే టక్కుమంది. మేష్టారు అడిగింది అదే, నాకు చేతికొచ్చింది అదే.

మళ్లీ నూనె తీద్దామంటే వీధి పెద్దలు వెళ్లి పూజారిగారి నోరు కట్టేశారు. ఆయన నన్ను చూసి, "తప్పమ్మా, నేనేం చెయ్యలేను," అని చేతులు జోడించారు. సీసా పోయింది, పలక మిగిలింది. అదైనా చాలనుకున్నాను. దసరా సెలవులకి ముందు శనివారం, దాన్ని జాకెట్టు గుడ్డలో చుట్టుకుని కాకినాడ బస్సెక్కాను.

ల్యాబు గుమ్మానికి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చి కట్టి ఉన్నాయి. శనివారం కాబట్టి అప్పుడే కట్టినట్టున్నారు, కాయ నిగనిగలాడుతోంది. నేనప్పుడు దాన్ని పట్టించుకోలేదు. అలాంటివి చూసీ చూసీ కళ్లకి అలవాటైపోతాయి.

మేష్టారు పలకని వెలుతురుకి ఎత్తి చూశారు. గోటితో గీశారు. వంచబోయారు. ఆయన మొహం వెలిగింది. అబద్ధం చెప్పను, ఆ ఒక్క నిమిషం నా అంత అదృష్టవంతురాలు లేదనిపించింది.

"భలే ఉందమ్మా! నూనె స్వచ్ఛంగా తీసుండాలి. ఏ కాయలు?"

"బత్తాయిలు కొన్ని. ఎక్కువగా నిమ్మకాయలండి. అమ్మవారి గుళ్లో దీపాలు పెట్టిన డిప్పలు."

ఆయన చెయ్యి అలాగే గాల్లో ఆగింది. తర్వాత పలకని మెల్లగా బల్లమీద పెట్టేశారు. పెట్టి, జేబురుమాలు తీసి వేళ్లు తుడుచుకున్నారు. ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు.

"చూడమ్మా, నాకు ఇలాంటి పట్టింపులేం లేవు. సైన్సు సైన్సే. కానీ ల్యాబులో పదిమంది పిల్లలుంటారు, వాళ్ల ఇళ్లల్లో పెద్దవాళ్లుంటారు. ఎందుకొచ్చిన గొడవ? శుభ్రంగా బత్తాయిలు కొని, వాటితో చేసి పట్టుకురండి. వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడు! ఈ సీటు వచ్చే ఏటిదాకా నాకోసం కూర్చుంటుందా? ఆ కుర్రాడు బయట వరండాలో ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నాకేమైందో నాకే తెలియదు. విసురుగా లేచి, గుమ్మానికి కట్టిన నిమ్మకాయని పుటుక్కున తెంపాను. గదిలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి "అయ్యయ్యో!" అన్నారు. బల్లమీద మందుసీసాలొచ్చిన థర్మోకోల్ పెట్టె ఉంది. గోళ్లతో కాయ తొక్క చీల్చి, దాని మూతమీద మడిచి పిండాను. తుంపర పడింది. తెల్లటి మూతమీద సన్నసన్నగా గుంటలు పడ్డాయి.

"ఇది గుడిలోది కాదండి, మీ గుమ్మానిది! దీన్ని మీరే కట్టించుకున్నారు! చూడండి, ఇదీ కరిగిస్తోంది! దీనికి ఏ పీడా తెలియదు, ఎవరి కష్టమూ తెలియదు! తొక్కలో నూనె ఉంది, అది కరిగిస్తుంది! మీరే చెప్పారు నాకీ పాఠం!"

మేష్టారు వంగి ఆ గుంటల్ని చూశారు. కళ్లజోడు సర్దుకుని మరీ చూశారు. ఆయనకి అర్థమైంది. అర్థమైందని ఆయన మొహంలో నాకు స్పష్టంగా కనిపించింది. ఇప్పుడు మాట్లాడతారు, ఇప్పుడు నా సీటు నాకిస్తారు అనుకున్నాను.

ఆయన తలెత్తి, నన్ను దాటి, గుమ్మం వైపు చూశారు.

"ఏవయ్యా," అని అటెండరుని పిలిచారు. "ముందు వెళ్లి ఇంకో నిమ్మకాయ తెచ్చి కట్టు."

పలకని జాకెట్టు గుడ్డలో చుట్టుకుని బయటికొచ్చేశాను. కుర్రాడికి సీటొచ్చింది. నేను తర్వాత ఒక ప్రైవేటు స్కూల్లో చేరి చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. ఇల్లు మారాం. గంగాళం మళ్లీ అటకెక్కింది.

పలక మాత్రం ఇప్పటికీ మా షోకేసులో ఉంది. ఇంటికొచ్చినవాళ్లు భలే బావుంది, ఇదేంటని అడుగుతారు. నేను ముందు చేతిలో పెడతాను. తిప్పి తిప్పి చూసుకోనిస్తాను, వెలుతురుకి ఎత్తి చూసుకోనిస్తాను. ఆ తర్వాత, అవి ఎక్కడి నిమ్మకాయలో చెప్తాను. చెప్పి, వాళ్ల మొహం చూడను. చేతులకేసే చూస్తూ కూర్చుంటాను. మొన్న వచ్చినావిడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తుందిట. మాట్లాడుతూనే, నవ్వుతూనే, చెయ్యి చీరకి తుడుచుకుంది.